కొండబూటులోని కొయ్యపాదం

నిటారు మంచుగోడ ఎక్కేటప్పుడు మనిషి బరువంతా బూటు ముక్కుకు ముందుకు పొడుచుకొచ్చిన రెండు ఇనుప పళ్ళ మీద నిలుస్తుంది. మడమ కింద ఏమీ ఉండదు, గాలి తప్ప. డెబ్భై కిలోల మనిషి ఒంటికాలి మీద అలా నిలిచాడనుకుందాం. ఆ పళ్ళకూ బొటనవేలి మొదలుకూ మధ్య ఎనిమిది సెంటీమీటర్ల దూరం ఉంటే, వేళ్ళ కీళ్ళ దగ్గర పాదాన్ని వంచేసే బలం దాదాపు 55 న్యూటన్-మీటర్లు. మెత్తని బూటయితే ఆ వంపునంతా కాలివేళ్ళ చిన్న కండరాలే ఆపాలి. నిమిషంలో అవి చేతులెత్తేస్తాయి. బూటు వంగితే దానికి బిగించిన ఇనుప పళ్ళ చట్రం, అంటే క్రాంపాన్, ఊడిపోయే ప్రమాదమూ ఉంది. అందుకే మంచుకొండల బూటు అడుగు వంగకూడదు. అందులో ఒకప్పుడు ఉక్కు పట్టీ పెట్టేవారు, ఇప్పుడు నైలాన్, గాజుపీచు, కార్బన్ పీచు పలకలు పెడుతున్నారు. చేత్తో పట్టుకుని మడతపెట్టాలని చూస్తే కదలదు.

ఆ బిగువే ప్రాణం కాపాడుతుంది. పాదం కాస్త వెడల్పుగా ఉన్నవాళ్ళను ఏడిపించేదీ ఆ బిగువే. మెత్తని తోలు చెప్పు నాలుగు రోజుల్లో కాలికి లొంగుతుంది. ఈ బూటు లొంగదు. కాలే దానికి లొంగాలి. చిటికెనవేలి పక్కన కాయ కాస్తుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. పైకి వెళ్ళినకొద్దీ ఆ తిమ్మిరి ప్రమాదంగా మారుతుంది. నొక్కుకుపోయిన పాదానికి రక్తం సరిగా అందదు, రక్తం అందని వేళ్ళనే మంచు ముందుగా కొరుకుతుంది.

మొదట్లో ఈ బూటు ఇంత మొండిది కాదు. ఆల్ప్స్ పల్లెల్లో గైడ్లు తొడిగింది మందపాటి తోలుబూటు, అడుగున ఇనుప మేకులు. జెనీవాకు చెందిన ఫెలిక్స్ జెనెకాన్ 1912 ప్రాంతంలో రంపపు అంచులున్న గట్టి మేకులు తయారుచేశాడు. ‘ట్రికూనీ’ పేరుతో అవి చాలామంది పర్వతారోహకుల అడుగులకు ఎక్కాయి. జార్జ్ మాలరీ 1924లో ఎవరెస్ట్ మీద కనిపించకుండా పోయినప్పుడు వేసుకున్నవి మేకుల తోలుబూట్లే. 1999లో ఆయన దేహం దొరికినప్పుడు కుడికాలి బూటు ఇంకా కాలికే ఉంది. మేకు రాతిని పట్టుకునేది నిజమే కానీ, ఇనుము కావడంతో కాలి వేడిని మంచులోకి లాగేసేది కూడా.

బూటును గట్టిపడేలా చేసింది క్రాంపాన్ అని నా అభిప్రాయం. ఆస్కార్ ఎకెన్‌స్టైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1908లో పది పళ్ళ క్రాంపాన్‌కు రూపమిచ్చాడు. ఇటలీలో మోంబ్లాం కొండ కింద కూర్మాయర్‌లో కొలిమి నడిపే గ్రివెల్ కుటుంబం దాన్ని సాగగొట్టింది. 1929లో ఆ కుటుంబానికే చెందిన లోరాన్ గ్రివెల్ ముందువైపు మరో రెండు పళ్ళు చేర్చాడు. ఆ రెండు పళ్ళ విలువ 1938 జులైలో ఐగర్ ఉత్తరపు గోడ మీద తేలిపోయింది. హైన్రిష్ హారర్, ఫ్రిట్జ్ కాస్పరెక్ ముందుగా బయలుదేరి మంచులో మెట్లు చెక్కుకుంటూ వెళ్తున్నారు. హారర్ దగ్గర అసలు క్రాంపాన్లే లేవు. వెనక బయలుదేరిన ఆండెర్ల్ హెక్‌మైర్, లుడ్విగ్ ఫోర్గ్ పన్నెండు పళ్ళ క్రాంపాన్లతో చకచకా వచ్చి వాళ్ళను అందుకున్నారు. ఆ పైన నలుగురూ ఒకే తాడు కట్టుకుని శిఖరం చేరారు. ముందు పళ్ళ మీద నిలబడే పద్ధతి అక్కడి నుంచి పాతుకుపోయింది. దాన్ని మోయగల అడుగు కావలసివచ్చింది.

రబ్బరు అడుగు పుట్టుక వెనక ఒక విషాదం ఉంది. 1935లో ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని పుంతా రాసికా దగ్గర విటాలే బ్రమాని బృందం తుపానులో చిక్కుకుంది. ఆరుగురు చనిపోయారు. రాతి ఎక్కుడు కోసం వాళ్ళు మేకుల బూట్లు కింద వదిలి పలచని చెప్పులతో పైకి వెళ్ళారు. మంచు కురిసేసరికి ఆ చెప్పులు పనికిరాకుండా పోయాయి. రాతికీ మంచుకూ ఒకే బూటు ఉండాలని పట్టుబట్టిన బ్రమాని, పిరెల్లి సంస్థ సాయంతో 1937లో లోతైన గాళ్ళున్న రబ్బరు అడుగు తెచ్చాడు. 1954లో కె2 మొదటిసారి ఎక్కిన ఇటాలియన్ల కాళ్ళకింద ఉన్నది బ్రమాని తెచ్చిన ఆ విబ్రమ్ రబ్బరే.

చలిని గెలవడానికి ఇంకొంత కాలం పట్టింది. 1950 జూన్ 3న అన్నపూర్ణ ఎక్కిన మోరిస్ హెర్జోగ్, లూయి లషెనాల్ ఇద్దరూ తోలుబూట్లలో కాలివేళ్ళు పోగొట్టుకున్నారు. మూడేళ్ళ తర్వాత ఎవరెస్ట్ కోసం బ్రిటన్‌లోని కెటరింగ్‌లో ఉన్న పాదరక్షల పరిశోధన సంస్థ సాట్రా ప్రత్యేక బూట్లు రూపొందించింది. తోలు పొరల మధ్య బూరుగు జాతి దూదిని దట్టంగా కూరి, అడుగున గాలిగదులున్న తేలిక రబ్బరు వేసింది. అయినా 1953 మే 29 తెల్లవారుజామున హిల్లరీ బూట్లు గడ్డకట్టి రాయిలా బిగుసుకుపోయాయి. వాటిని స్టవ్ మీద కాచి మెత్తబరిచాకే ఆయన, టెన్సింగ్ బయలుదేరగలిగారు. 1980ల నాటికి కోఫ్లాక్ వంటి కంపెనీల ప్లాస్టిక్ డొప్ప బూట్లు వచ్చాయి. తడి తాగవు, గడ్డకట్టవు. లోపల విడిగా తీసి ఆరబెట్టుకునే మెత్తని బూటు ఉంటుంది. కానీ ప్లాస్టిక్కు తోలుకున్న ఆ కాస్త దయ కూడా లేదు. నేటి సింథటిక్ బూట్లు తేలికే. అయితే చుట్టూ అంటించిన రబ్బరు పట్టీ వల్ల అవీ పక్కలకు పెద్దగా సాగవు.

అడుగు మారింది, పై తోలు మారింది. లోపలి ఆకారాన్ని నిర్ణయించే వస్తువు మాత్రం పెద్దగా మారలేదు. బూటు పరిశ్రమలో దాన్ని ‘లాస్టు’ అంటారు. పాదం ఆకారంలో చెక్కిన దిమ్మ అది. ఒకప్పుడు కొయ్యది, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్కుది. తోలును దాని మీద లాగి, బిగించి, అడుగు అంటించాక దిమ్మను బయటకు తీస్తారు. తర్వాత మన కాలు దూరేది ఆ దిమ్మ వదిలిన ఖాళీలోకి. కాబట్టి బూటు మనకు సరిపోతుందా అన్న ప్రశ్నకు అసలు అర్థం, ఎవరో చెక్కిన ఆ పాదమూ మన పాదమూ ఒకటేనా అని.

చాలాకాలం యూరప్‌లో కుడిఎడమల తేడా లేకుండా రెండు కాళ్ళకూ ఒకే తిన్నని దిమ్మ వాడేవారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో థామస్ బ్లాంచర్డ్ 1819 ప్రాంతంలో తుపాకీ మడమలు చెక్కడానికి ఒక లేతు కనిపెట్టాడు. ఒక చక్రం నమూనా ఒంపుసొంపుల వెంట జరుగుతుంటే, దానికి అనుసంధానమైన కత్తి పక్కనున్న కొయ్యను అచ్చం అలాగే చెక్కుతుంది. ఆ లేతే బూటు దిమ్మల పనికీ వచ్చింది. కుడికాలి దిమ్మనూ ఎడమకాలి దిమ్మనూ వేలకొద్దీ తీయడం తేలికైంది. నమూనాను పెంచి, తగ్గించి మిగతా సైజులు తీయడమూ తేలికైంది. వెడల్పు పాదాల చిక్కు ఇక్కడే మొదలైంది.

ఎందుకంటే పొడవు పెరిగితే చుట్టుకొలత ఎంత పెరగాలో ఒక లెక్క స్థిరపడిపోయింది. యూరప్ కొలతలో ఒక సైజు పెరిగితే పొడవు 6.67 మిల్లీమీటర్లు పెరుగుతుంది, వేళ్ళ మొదళ్ళ దగ్గర చుట్టుకొలత సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మీ పాదం చుట్టుకొలత ఆ నమూనాకంటే సెంటీమీటరు ఎక్కువ అనుకోండి. దుకాణంవాళ్ళు చెప్పినట్టు ‘పెద్ద సైజు’ తీసుకుంటే రెండు సైజులు ఎక్కాలి. చుట్టుకొలత సరిపోతుంది, బూటు మాత్రం 13 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. బూటు ఎక్కడ వెడల్పుగా ఉండాలో ఆ చోటు మీ కీళ్ళకంటే దాదాపు 9 మిల్లీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. మడమ వదులై ప్రతి అడుగుకూ లేచి బొబ్బలెక్కుతుంది. దిగేటప్పుడు కాలు ముందుకు జారి గోళ్ళు నల్లబడతాయి. ముందు పళ్ళు వేళ్ళకు ఇంకా దూరమై, మొదట చెప్పిన ఆ వంచే బలం మరింత పెరుగుతుంది. వెడల్పు పాదం ఉన్నవాళ్ళకు పెద్ద సైజు అంటగట్టడం పరిష్కారం కానే కాదు. మంచు మీద అది హాని.

మామూలు బూట్లకు ఒకే పొడవులో మూడు నాలుగు వెడల్పులు దొరకడం కొత్త కాదు. అమెరికాలోని సిరక్యూజ్‌లో చెప్పుల దుకాణం నడిపే కుటుంబంలోని చార్లెస్ బ్రానాక్ 1920లలో పిల్లల ఆట సామాను ముక్కలతో ఒక కొలతపెట్టె నమూనా కట్టాడు. పొడవు, వెడల్పు, మడమ నుంచి బొటనవేలి కీలు దాకా దూరం, ఈ మూడింటినీ అది చూపుతుంది. మూడో కొలతను దుకాణాల్లో తరచూ వదిలేస్తారు కానీ వంగని బూటుకు అదే ముఖ్యం. మరి కొండబూట్లు ఎక్కువగా ఒకే వెడల్పులో ఎందుకు వస్తాయి? ప్రతి అదనపు వెడల్పుకూ సైజుకొక జత దిమ్మలు కావాలి, దానికి తగ్గ అడుగు పలకలూ రబ్బరు అచ్చులూ కావాలి. ప్లాస్టిక్ డొప్ప అయితే లోహపు మూసలే మారాలి. కొనేవాళ్ళు కొద్దిమంది. అందుకే ఇటలీలోని మోంటెబెల్లూనా చుట్టుపక్కల, అసోలోలో, ఫియెమ్మె లోయలో పుట్టిన బూట్లు ఆ కంపెనీలు తమ కొనుగోలుదార్లకు సరిపోతాయనుకున్న దిమ్మలతోనే లోకమంతా తిరుగుతున్నాయి. జర్మనీ కంపెనీ హాన్‌వాగ్ లాంటివి కొన్ని నమూనాలను వెడల్పు దిమ్మ మీద కూడా చేస్తున్నాయి. అవి ఎక్కువగా నడక బూట్లే.

ఇక మన కాళ్ళ సంగతి. చిన్నప్పటి నుంచీ వట్టి కాళ్ళతో నడిచిన పాదం వేళ్ళ దగ్గర విచ్చుకుని ఉంటుంది. దక్షిణ భారతంలో చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళ పాదాలను బెల్జియం పరిశోధకులు కొలిచి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆ పాదాల ముందుభాగం వెడల్పు, బరువు పాదమంతా సమంగా పరుచుకుంటుంది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా 79 చోట్ల లక్షమందికి పైగా భారతీయుల పాదాలను త్రిమితీయ స్కానర్లతో కొలిచింది. యూరప్, అమెరికా వాసులకంటే మన పాదాలు వెడల్పు అని తేల్చి, ‘భా’ పేరుతో దేశీ సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. అంటే కొండబూటులో ఇరుక్కునే పాదం వికారమైనది కాదు, ఇక్కడి సగటు పాదమే. భువనగిరి గుట్ట మీద తాడు పట్టి నేర్చుకున్న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అలాంటి గురుకుల పిల్లలు మరెందరో కొండలెక్కాలంటే, పాదాన్ని తిట్టుకునేలా చేసే బూటు వాళ్ళకు ఇవ్వకూడదు.

మన పాదాలకు తగ్గ దిమ్మలు వచ్చేదాకా ఉన్న బూట్లలోంచే ఏరుకోవాలి. సాయంత్రం, కాళ్ళు ఉబ్బిన వేళ, మంచు మీద వేసుకునే మందపాటి మేజోళ్ళతో దుకాణానికి వెళ్ళాలి. బూటు లోపలి అట్టను బయటకు తీసి దాని మీద నిలబడండి. చిటికెనవేలు పక్క గానీ బొటనవేలి కీలు పక్క గానీ పాదం అంచు దాటి కిందికి ఒరిగితే ఆ బూటు మీది కాదు. ఏ సైజైనా, ఎంత పేరున్న కంపెనీదైనా సరే. దాటకపోతే తొడుక్కుని, తాళ్ళు బిగించి, మెట్టు అంచున వేళ్ళ మీద నిలబడి మడమ లేస్తుందో లేదో చూడండి. తర్వాత బూటు ముక్కుతో గోడను తన్నండి, వేళ్ళు ముందు తగలకూడదు. ఒకేచోట, ఎముక పొడుచుకొచ్చిన దగ్గర మాత్రమే నొక్కుతుంటే ఆశ ఉంది. తోలుబూటును గుండు, వలయం ఉన్న పట్టకారుతో ఆ చోట లోపలి నుంచి ఉబ్బించవచ్చు. ప్లాస్టిక్ డొప్పను వేడిచేసి బయటకు నెట్టవచ్చు. ఇలా కొన్ని మిల్లీమీటర్లే దొరుకుతాయి, రబ్బరు పట్టీ కింద అంతకన్నా తక్కువ. కాలి చుట్టూ అంతటా నొక్కుతుంటే ఏ పట్టకారూ పనిచేయదు, వేరే దిమ్మ మీద చేసిన బూటు వెతకాలి. పల్చని లోపలి అట్ట మార్చినా, తాడు బిగించేటప్పుడు వేళ్ళ దగ్గరి రంధ్రాల్లో వదులుగా పెట్టి చీలమండ దగ్గర ముడి బిగించినా, కాస్త చోటు దొరుకుతుంది.