ఆకాశానికీ మంచె కావాలి

మా చేలో జొన్న కంకి పట్టగానే నాన్న మంచె ఎక్కుతాడు. పిట్ట వాలాక కేకేస్తే లాభం లేదు, వచ్చేటప్పుడే చూడాలి. గ్రహశకలాల సంగతీ అంతే.

2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యబిన్‌స్క్ మీద సుమారు 20 మీటర్ల శిల ఒకటి గాలిలో పేలింది. సూర్యుని దిక్కునుండి వచ్చినందున ముందుగా ఎవరి కంటా పడలేదు. వెలుగు చూసి కిటికీల దగ్గరకు చేరినవారికి, కాసేపటికి వచ్చిన పేలుడు తాకిడితో అద్దాలు పగిలి గుచ్చుకున్నాయి. గాయపడినవారు దాదాపు 1,500 మంది.

అమెరికా ప్రభుత్వం 2005లోనే చట్టం చేసింది. భూమి దాపుకు వచ్చే 140 మీటర్లు, ఆపై శకలాలలో నూటికి తొంభై 2020 నాటికి కనిపెట్టాలని నాసాను ఆదేశించింది. గడువు నాటికి సగమైనా దొరకలేదు. చట్టమైతే వచ్చింది గాని, దానికి తగ్గ సొమ్ము రాలేదు మరి!

ముందే కనబడితే ఉపాయముంది. 2022 సెప్టెంబరు 26న నాసా వారి 'డార్ట్' నౌక డైమార్ఫస్ అనే శకలాన్ని ఢీకొంది. అది తన జోడు శకలం చుట్టూ తిరిగే కాలం, 11 గంటల 55 నిమిషాలు, అరగంటకు పైగా తగ్గింది. అటువంటి చిన్న నెట్టుడు ఏళ్ళ ముందు పడితే రాయి భూమిని తప్పుకుపోతుంది. పది రోజుల ముందు తెలిస్తే మాత్రం ఊళ్ళు ఖాళీ చేయించడమే గతి.

మంచెకు నాలుగు కర్రలు కొనని రైతు, పంట పోయాక పిట్టల్ని తిట్టి ఏం లాభం?