సాయిల్‌ సైన్స్‌ పీహెచ్‌డీ.. పేరు చూసి చేరొద్దు!

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌, ఎల్బీనగర్‌లో హాస్టల్‌. చుట్టూ అంతా గ్రూప్స్‌, బ్యాంకు పరీక్షల హడావుడి. ఎమ్మెస్సీ (అగ్రికల్చర్‌) చేసిన మీరు సాయిల్‌ సైన్స్‌లో పీహెచ్‌డీ అంటే ‘ఇంకా చదువేనా?’ అని ఇంట్లో అడుగుతారు. కనీసం మూడేళ్లు, చాలామందికి అంతకంటే ఎక్కువే పట్టే చదువు ఇది. కాబట్టి జవాబు సిద్ధం చేసుకున్నాకే దరఖాస్తు నింపండి.

ముందు అంశం.. తర్వాతే వర్సిటీ

చౌడు నేలలా, పోషకాల యాజమాన్యమా, ఉపగ్రహ చిత్రాలతో నేలల మ్యాపింగా? మీకు ఏది ఇష్టమో ముందు తేల్చుకోండి. చౌడు నేలలకు కర్నాల్‌లో, నేలల సర్వేకు నాగ్‌పూర్‌లో, మృత్తికా శాస్త్రానికి భోపాల్‌లో ఐసీఏఆర్‌ సంస్థలున్నాయి. ఢిల్లీలోని ఐఏఆర్‌ఐ నేరుగా డిగ్రీ ఇస్తుంది.

మెట్ట సాగుపై ఆసక్తి ఉంటే ఎల్బీనగర్‌కు దగ్గర్లోని సంతోష్‌నగర్‌లోనే క్రీడా సంస్థ ఉంది. రాజేంద్రనగర్‌లో జయశంకర్‌ వ్యవసాయ వర్సిటీ, వరి పరిశోధన సంస్థ ఉన్నాయి. 1972లో ఏర్పాటైన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఎర్ర, నల్ల నేలలు రెండూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. అయితే డిగ్రీ ఇచ్చేది వర్సిటీ. పరిశోధన సంస్థలో పనిచేయాలనుకుంటే రెండింటి మధ్య ఒప్పందం ఉందో లేదో ముందే కనుక్కోండి.

గైడ్‌ను ఇవి అడగండి

* రిటైర్మెంట్‌కు ఎన్నేళ్లుంది? మీ థీసిస్‌ మధ్యలో గైడ్‌ మారితే నష్టం మీకే.
* ల్యాబ్‌లో పరికరాలు ఉండటమే కాదు, పనిచేస్తున్నాయా? నమూనాలను బయటికి పంపితే ఖర్చెవరిది?
* పొలంలో ప్రయోగం ఎన్ని సీజన్లు? ఒక సీజన్‌ వాన ఎగ్గొడితే ఏం చేస్తారు?

ఆయన దగ్గర ఇప్పుడు చేస్తున్న స్కాలర్లతో విడిగా మాట్లాడండి. అసలు సంగతులు అక్కడే తెలుస్తాయి. కృషికోశ్‌ పోర్టల్‌లో వ్యవసాయ వర్సిటీల థీసిస్‌లు దొరుకుతాయి. ఆ గైడ్‌ విద్యార్థులవి రెండు తిరగేస్తే అక్కడ జరిగే పని ఏమిటో అర్థమవుతుంది.

డబ్బు సంగతీ ముఖ్యమే

ఐసీఏఆర్‌ కోటా సీట్లకు ఏఐసీఈ-జేఆర్‌ఎఫ్‌/ఎస్‌ఆర్‌ఎఫ్‌ (పీహెచ్‌డీ) పరీక్ష రాయాలి. మంచి ర్యాంకు వస్తే ఫెలోషిప్‌కూ దారి దొరుకుతుంది. అధ్యాపక కొలువు లక్ష్యమైతే ఏఎస్‌ఆర్‌బీ నెట్‌కు కూడా ఇప్పటినుంచే చదవండి. ఫెలోషిప్‌ రాకపోతే మూడేళ్ల ఖర్చు ఎలా అన్నది ఇంట్లో చేరకముందే మాట్లాడుకోండి. చేరాక మధ్యలో మానేయడం కంటే ఒక ఏడాది ఆగి మళ్లీ పరీక్ష రాయడమే నయం.