ఎర్ర డబ్బాకు ఉప్పుగాలి గండం

బందరు ఉప్పుగాలికి ఇనుము ఆగదు. రంగు పెచ్చులూడిన చోట తుప్పు మొదలై తపాలా డబ్బాను మెల్లగా తినేస్తుంది. పైన చిల్లు పడిందా, వాన నీళ్లన్నీ లోపలికే. సిరాతో రాసిన చిరునామా అలుక్కుపోతే ఆ ఉత్తరం చేరేదెక్కడికి? దివిసీమలో తుపాన్లూ తోడు.

మనుషులేం తక్కువ కాదు. డబ్బా మీద పోస్టర్లు అంటించేవారు కొందరు, లోపల చెత్త కుక్కేవారు కొందరు. 1898 నాటి తపాలా చట్టంలో పోస్టరు అంటిస్తే 50 రూపాయల దాకా జరిమానా; నిప్పో మురికో వేస్తే ఏడాది దాకా జైలు. అనుమతి లేకుండా రంగు వేసినా తప్పే, మంచి మనసుతోనైనా సరే! 2024 జూన్‌ 18న కొత్త చట్టం అమల్లోకి వచ్చాక ఆ సెక్షన్లు పోయాయి.

2025లో రిజిస్టర్డ్‌ పోస్టు స్పీడ్‌ పోస్టులో కలిసినప్పుడు డబ్బాలూ తీసేస్తారని పుకారు పుట్టింది. తీయలేదు. చిల్లు కనిపిస్తే పోస్టాఫీసులో చెప్పండి, వాన రాకముందే.