తెలివి పోయిన మనిషికీ హక్కుంది

మదరసాలో చదువుకున్న ప్రతివారికీ 'హిదాయా' పరిచయమే. పన్నెండవ శతాబ్దంలో బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన ఈ హనఫీ ధర్మశాస్త్ర గ్రంథంలో దియత్ గురించిన అధ్యాయం ఒకటుంది. దియత్ అంటే ప్రాణనష్టానికి, అంగనష్టానికి చెల్లించవలసిన పరిహారం. అక్కడ రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) ఇచ్చిన ఒక తీర్పు ప్రస్తావన వస్తుంది. ఒక మనిషికి తగిలిన ఒకే ఒక దెబ్బతో అతని తెలివి, మాట, వినికిడి, చూపు నాలుగూ పోయాయి. ఆ కేసులో హజ్రత్ ఉమర్ (ర) నాలుగు దియత్‌లు చెల్లించాలని తీర్పు చెప్పారు. నిండు ప్రాణం పోతే చెల్లించవలసినది ఒక దియత్ కాగా, ఆ ఒక్క దెబ్బకు నాలుగు! తెలివి ఒక్కటే పోయినా దానికి పూర్తి దియత్ ఉందని ధర్మశాస్త్రవేత్తలు నిర్ణయించారు. మనిషి తన ఇహానికీ పరానికీ ఉపయోగించుకునేది తెలివినే కదా అన్నది వారు చెప్పిన కారణం.

ఈ పాత తీర్పును ఇప్పుడు గుర్తుచేయడానికి కారణం ఉంది. మన కుటుంబాలలో ఎవరికైనా రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, ఆపరేషన్ జరిగి, మనిషి బతికి బయటపడితే ఇంటిల్లిపాదీ 'అల్‌హమ్దులిల్లాహ్, ప్రాణం దక్కింది, అదే పదివేలు' అనుకుంటారు. కృతజ్ఞత చెప్పుకోవలసిందే, అందులో సందేహం లేదు. అయితే అదే ఊపులో, ఆస్పత్రి వరండాలోనో పోలీసు స్టేషను బయటో, అవతలి బండి వాళ్ళు చేతిలో పెట్టిన కొద్దిపాటి డబ్బు తీసుకుని రాజీ కాగితం మీద సంతకం పెట్టేస్తారు. మనవాళ్ళు క్షమాగుణం కలవారని అందరూ మెచ్చుకుంటారు. ఆ క్షమించే హక్కు ఎవరిది అని మాత్రం ఎవరూ అడగరు.

అదే 'హిదాయా'లో మఅతూహ్ గురించి, అంటే తెలివి మందగించిన వ్యక్తి గురించి, స్పష్టమైన నియమం ఉంది. అతని చెయ్యి ఎవరైనా కావాలని నరికితే అతని తండ్రి న్యాయం కోరవచ్చు, పరిహారం మీద ఒప్పందం చేసుకోవచ్చు, కానీ ఊరికే మాఫీ చేయడానికి వీల్లేదు. ఎందుకంటే అది తండ్రి సొత్తు కాదు, గాయపడినవాడి సొత్తు. ఇతరుల హక్కును వదిలిపెట్టి మనం ఉదారులమని అనిపించుకోవడం ఉదారత ఎలా అవుతుంది?

తల దెబ్బలో ఇంకో చిక్కు ఉంది. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. మెదడు దెబ్బ కనిపించదు. కుట్లు మానతాయి, వెంట్రుకలు మొలుస్తాయి, మనిషి నడుస్తాడు, తింటాడు, సలామ్‌కు జవాబు చెబుతాడు. చూసిపోయే బంధువులు 'బాగానే ఉన్నాడు కదా' అంటారు. కానీ మెదడు ముందుభాగం దెబ్బతిన్నప్పుడు పోయేవి వేరే. కోపాన్ని ఆపుకునే శక్తి, పనిని వరుసగా చేసే నేర్పు, పొద్దున చెప్పిన మాట మధ్యాహ్నానికి గుర్తుంచుకోవడం, ఎవరి ముందు ఏం మాట్లాడాలన్న వివేకం తగ్గిపోతాయి. కొందరిలో స్కానింగులో పెద్దగా ఏమీ కనిపించకపోయినా ఈ మార్పులు ఉంటాయి. నాకు తెలిసిన ఒక ఇల్లాలు తన భర్త గురించి ఇలా చెప్పింది: "మౌల్వీ సాబ్, ఆస్పత్రి నుంచి మనిషిని తెచ్చుకున్నాం గానీ మా ఆయన్ని తెచ్చుకోలేదు." అతను మోటారు మెకానిక్. బోల్టు విప్పగలడు, తిరిగి ఏది ఎక్కడ బిగించాలో తెలియదు. అత్తగారు నజర్ తగిలిందంటుంది, మరిది గాలి సోకిందంటాడు, వీధివాళ్ళు బద్ధకమంటారు. దుఆ చేయించవచ్చు, తప్పులేదు. కానీ మూర్ఛ రాకుండా డాక్టరు రాసిన మాత్రలు ఆపించి తావీజు కట్టే ఆమిల్ దగ్గరకు మాత్రం వెళ్ళకండి. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు.

ఇక చట్టం ఏమిస్తుందో చూద్దాం. అవతలి వాహనం తప్పువల్ల గాయపడినవారు మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షను కింద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయవచ్చు. ప్రమాదం ఎక్కడో దూరాన జరిగినా, తాము నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే వేసుకునే వీలుంది. గడువు విషయం మాత్రం జాగ్రత్త. 2019 సవరణ ద్వారా వచ్చి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధన ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు పిటిషన్ పడాలి. ఈ గడువును సవాలు చేస్తూ వ్యాజ్యాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. అయినా వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. ఇప్పటికే ఆలస్యమైనవారు కూడా అంతా అయిపోయిందని తమంతట తామే తీర్మానించుకోకుండా వకీలును అడగాలి. గుద్దిన బండి దొరకకపోతే, తీవ్రంగా గాయపడినవారికి 161వ సెక్షను కింద 50 వేల రూపాయలు వస్తాయి. తనంతట తానే జారిపడిన బండి యజమానికి, తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే, శాశ్వత పూర్తి వైకల్యానికి 15 లక్షల దాకా హక్కుంటుంది. పనిచేసే చోట పైనుంచి పడిన కూలీలకు దారి వేరు. వారు ఉద్యోగుల పరిహార చట్టం, 1923 కింద రెండేళ్ళలోపు కమిషనరు ఎదుట క్లెయిము వేయాలి. రోడ్డు ప్రమాదమైతే మొదటి ఏడు రోజుల చికిత్సకు లక్షన్నర దాకా నగదు చెల్లించనక్కరలేని కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. ఆస్పత్రిలో చేర్చిన రోజునే దాని గురించి అడగాలి.

పరిహారం ఎంత అన్నది వైకల్యం శాతం మీద ఆధారపడుతుందని అందరూ అనుకుంటారు. అది సగం నిజమే. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు శరీరానికి ఎంత శాతం వైకల్యం కలిగింది అన్నది వేరు, సంపాదన శక్తి ఎంత పోయింది అన్నది వేరు అని తేల్చిచెప్పింది. చెయ్యి పోయిన డ్రైవరుకూ వడ్రంగికీ జీవనోపాధి పూర్తిగా పోవచ్చు, అదే నష్టం కలిగిన గుమస్తా ఉద్యోగం చేసుకోగలడు. తల దెబ్బకు ఈ సూత్రం ప్రాణం లాంటిది. మెకానిక్‌కు జ్ఞాపకశక్తి పోతే, సర్టిఫికెట్టు మీద 40 శాతం అని ఉన్నా, బతుకుతెరువు మొత్తం పోయినట్టే.

ఇంకో కేసు చెప్పాలి. 2007 అక్టోబరులో 12 ఏళ్ళ బాలిక ఒకతె తల్లిదండ్రులతో ట్రాక్టరులో వెళుతుండగా లారీ గుద్దింది. మెదడుకు తగిలిన దెబ్బతో ఆమె సామాజిక వయసు తొమ్మిది నెలల పసిపాప స్థాయికి పడిపోయిందని డాక్టర్లు తేల్చారు. ట్రిబ్యునల్ 11 లక్షల చిల్లర ఇచ్చింది, పంజాబ్-హర్యానా హైకోర్టు 25 లక్షల పైకి పెంచింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని 62 లక్షల 27 వేలు చేసింది. అంత పెరగడానికి ముఖ్య కారణాలలో ఒకటి సహాయకుల ఖర్చు. ఆ బిడ్డను పగలూ రాత్రీ చూసుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలని, ఆ ఖర్చు ఒక ముద్దగా కాక ఏటా ఎంత, ఎన్నేళ్ళకు అని లెక్కకట్టాలని కోర్టు చెప్పింది. మన ఇళ్ళల్లో ఆ పని చేసేది తల్లి, భార్య లేదా చదువు మాన్పించిన ఆడపిల్ల. వారి శ్రమకు వెల లేదనుకుని పిటిషన్‌లో ఆ మాటే రాయించరు. అక్కడే లక్షలు పోతాయి.

కనిపించని దెబ్బను కోర్టుకు చూపించేది కాగితమే. ఎఫ్.ఐ.ఆర్., ఆస్పత్రి కేసుషీటు నకలు, డిశ్చార్జి పత్రం, బిల్లులు ఎలాగూ ఉండాలి. కేసుషీటులో మొదటిరోజు స్పృహ స్థాయికి వేసిన అంకె ఉంటుంది, దానిని గ్లాస్గో కోమా స్కేలు అంటారు. 15కు 8 లేదా అంతకంటే తక్కువ ఉంటే తీవ్రమైన దెబ్బ కింద లెక్క. తర్వాత జ్ఞాపకశక్తి, ఏకాగ్రతలను కొలిచే మనోవైజ్ఞానిక పరీక్షలు చేయించి రిపోర్టు తీసుకోవాలి. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో ఇవి చేస్తారు. రాయలసీమ జిల్లాల వారికి అది మరీ దూరం కాదు. వీటన్నిటితోపాటు ఒక రెండువందల పేజీల నోటుబుక్కు కొనండి. స్టవ్ ఆపడం మరిచాడు, ఇంటి దారి తప్పాడు, దుకాణంలో వంద ఇచ్చి చిల్లర అడగలేదు, పిల్లవాణ్ణి కొట్టాడు, మూర్ఛ వచ్చింది... ఏ రోజుది ఆ రోజే తేదీ వేసి రాయండి. పరువు పోతుందని దాచవద్దు. రెండేళ్ళ తర్వాత బీమా కంపెనీ వకీలు 'ఆయన బాగానే నడుస్తున్నాడు కదా' అన్నప్పుడు ఆ నోటుబుక్కే మాట్లాడుతుంది.

వకీలు సంగతికి వస్తే, వచ్చిన పరిహారంలో ఇంత శాతం నాకు అని ఒప్పందం చేసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు అడిగేవారి దగ్గరనుంచి మర్యాదగా లేచి వచ్చేయండి. స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందించాలని 1987 నాటి చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఫోను నంబరు 15100. లోక్ అదాలత్ మంచిదే గానీ, అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు. చికిత్స ఒక కొలిక్కి రాకముందే అక్కడ ఒప్పుకోవడానికి తొందరపడకూడదు.

బీమా సొమ్ము తీసుకోవచ్చునా అని కొందరు ధర్మనిష్ఠ గలవారు సంకోచిస్తారు. ఇది మనం కట్టిన పాలసీ లాభం కాదు, గాయపరిచినవాడు చెల్లించవలసిన పరిహారాన్ని అతని తరఫున కంపెనీ చెల్లిస్తోంది. దానిపై కోర్టు కలిపే వడ్డీ భాగం గురించి మీరు నమ్మే ముఫ్తీని అడగండి. ఆ ఒక్క సందేహంతో మొత్తం వదులుకోవడం మాత్రం గాయపడినవాడికి అన్యాయం.

డబ్బు వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. తెలివి తక్కువైనవారి చేతికి ఆస్తి అప్పగించవద్దని, అందులోనుంచి వారికి తిండి, బట్ట సమకూర్చి, మంచిగా మాట్లాడమని దివ్యఖుర్ఆన్ అన్‌నిసా సూరాలో ఆదేశం ఉంది. ఆ ఆయత్‌లో మొదటి సగం మనకు బాగా గుర్తుంటుంది, రెండో సగం మరచిపోతాం. తమ్ముడి పెళ్ళికి, ఇంటి స్లాబుకు ఆ సొమ్ము వాడేసిన కుటుంబాలు ఉన్నాయి. కోర్టులు సాధారణంగా బ్యాంకు డిపాజిట్ వేయించేది ఇందుకే. తన వ్యవహారం తాను చెప్పుకోలేని వ్యక్తి తరఫున దగ్గరి మనిషి కేసు నడపడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు అనుమతిస్తుంది. భార్య కూడా నడపవచ్చు. కోమాలో ఉన్నవారి సంరక్షకుణ్ణి నియమించడానికి ప్రత్యేక చట్టం లేకపోవడంతో 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. బ్యాంకు ఖాతా స్తంభించిపోయిన కుటుంబాలు హైకోర్టును ఆశ్రయించే దారి ఉందన్నమాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో మెదడు దెబ్బ విడిగా లేదు. కాబట్టి మాట, కదలిక, మానసిక స్థితి, ఏది దెబ్బతింటే ఆ పేరు కింద సర్టిఫికెట్టు అడగాలి.

ఇంట్లో ఎదురయ్యే ప్రశ్నలు ఇంకా సున్నితమైనవి. స్పృహ లేకుండా ఒక పగలూ రాత్రికి మించి గడిచిపోతే ఆ నమాజులకు ఖజా లేదని హనఫీ ఫిక్హ్ చెబుతుంది. లేవగానే 'ఇన్ని వందల నమాజులు బాకీ' అని మనిషిని భయపెట్టకండి. ఉపవాసాల సంగతి, ముఖ్యంగా మూర్ఛ మాత్రలు వేళకు పడవలసినవారి విషయంలో, డాక్టరును అడిగి నిర్ణయించాలి. కోపంలో నోట తలాక్ మాట వస్తే ఇంట్లో పెద్దలు అప్పటికప్పుడు తీర్పు చెప్పకూడదు. మజ్నూన్, మఅతూహ్, మద్‌హూష్‌ల తలాక్ చెల్లదన్నది ఫిక్హ్ నియమం. ఈ మనిషి ఆ కోవలోకి వస్తాడో లేదో తేల్చవలసింది ముఫ్తీ. ఆయన దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆస్పత్రి కాగితాలు వెంట తీసుకెళ్ళండి. ఎలాగూ ఒకేసారి చెప్పే ముమ్మారు తలాక్ 2019 చట్టం ప్రకారం చెల్లదు, నేరం కూడా.

కోలుకోవడం మొదటి ఆరు నెలలు, ఏడాదిలో వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. అందుకే ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ డబ్బు వచ్చేదాకా వాయిదా వేయకూడదు. మాట పోయినవారి ఇళ్ళల్లో ఒక వింత కనిపిస్తుంది. భార్య పేరు చెప్పలేని మనిషి సూరా ఫాతిహా గడగడా చదివేస్తాడు. ఇంట్లోవాళ్ళు నటిస్తున్నాడని కోప్పడతారు. చిన్ననాటి నుంచి వేలసార్లు చదివినవి, అంకెలు, దుఆలు, మామూలు మాట పోయినా తరచూ మిగిలి ఉంటాయి. థెరపిస్టుకు ఈ సంగతి తప్పక చెప్పండి, సాధన అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మనిషికి రెండు భాషలూ ఒకే తీరున తిరిగి రాకపోవచ్చు, ఒకటి ముందు రావచ్చు. కాబట్టి తెలుగు మాత్రమే తెలిసిన థెరపిస్టు దగ్గరకు వెళ్ళేటప్పుడు రెండూ వచ్చిన మనిషి ఒకరు పక్కన కూర్చోవాలి.