గదిలో ఆగే పల్లె రైలు

ఇంగ్లండ్‌లోని డెవన్‌లో యాష్‌బర్టన్ అనే చిన్న ఊరికి 1872లో మొదలైన పాసింజరు రైలు 1958లో ఆగిపోయింది. తర్వాత ఆ లైన్లో కొంత భాగం హైవేలో కలిసిపోయింది. అయితేనేం, అలాంటి బ్రాంచి స్టేషన్లకు నమూనా రైళ్ల ప్రియులు ఇళ్లలోనే ప్రాణం పోస్తున్నారు. ఒకటే ప్లాట్‌ఫాం, ఓ గూడ్స్ షెడ్డు... చిన్న గదికి ఇంకేం కావాలి!

చిక్కంతా కొలతల దగ్గరే. అక్కడ బాగా వాడే ఓఓ స్కేలు అసలు సైజులో 76వ వంతు. 400 మీటర్ల యార్డుకైనా అయిదు మీటర్లకు పైగా బల్ల కావాలి. అందుకే అన్నిటినీ కాస్త కుదిస్తారు. ఒక్క లూప్ జోలికి మాత్రం పోరు. ఆఖరి స్టేషన్లో ఇంజిను పెట్టెలను వదిలి, పక్క పట్టాల మీదుగా అవతలి కొసకు చేరేది దాని మీదే. కాబట్టి ముందు పెట్టెలెన్నో తేల్చుకుని, అవి ఇమిడేలా లూప్ గీశాకే మిగతావన్నీ. లేదంటే వచ్చిన రైలుకి తిరుగు ప్రయాణం ఉండదు!