ఒక్క సంతకం.. ఇంటిదాకా చిక్కు!

‘తరఫున’ అన్న మాట మరిస్తే బాకీ సొంతానికే

రాజపాళయం: ఇంట్లో తెలుగు.. బజారులో తమిళం.. సంతకం పెట్టే కాగితం మాత్రం ఇంగ్లిషు! విరుదునగర్ జిల్లా రాజపాళయం, పక్కనున్న చత్రపట్టి ప్రాంతాల్లో మరమగ్గాలపై బ్యాండేజీ గుడ్డ నేయించే చిన్న వ్యాపారులకు ఇది అలవాటైన వ్యవహారమే. నూలు అప్పుకు తెచ్చినా, ఆర్డరు ఒప్పుకున్నా, బ్యాంకు రుణం తీసుకున్నా చివరి పేజీలో ఓ సంతకం తప్పదు. అది వ్యాపారం తరఫున పెట్టిందా, సొంతానికి పెట్టిందా అన్నది పేచీ వచ్చాకే బయటపడుతుంది. అప్పటికి మగ్గాలతోపాటు ఇల్లూ లెక్కలోకి వచ్చేస్తుంది.

తెలుగు నేల నుంచి తరాల కిందట వలస వచ్చిన రాజుల ఊరిది. 1936లో పి.ఎ.సి.రామసామి రాజా నెలకొల్పిన రాజపాళయం మిల్స్ పేరు చివర ‘లిమిటెడ్’ అని ఉంటుంది. వాటాదారుకు నష్టం వాటా సొమ్ము వరకే, ఇంటి జోలికి రారన్నది ఆ ఒక్క మాటకు అర్థం. వీధిలోని చిన్న యూనిట్లకు చాలావరకు ఆ అండ లేదు.

బోర్డు మారినా మనిషి ఒక్కడే

దేవుడి పేరు మీద ‘టెక్స్‌టైల్స్’ అని బోర్డు కట్టి, జీఎస్టీ నంబరు తెచ్చుకుంటే సంస్థ వేరయిపోదు. సొంత యాజమాన్యంలో యజమాని, సంస్థ చట్టం దృష్టిలో ఒక్కరే. రబ్బరు స్టాంపు ఎంత పెద్దదైతే ఏం లాభం? భాగస్వామ్యమైతే ఇంకా ఇబ్బంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం సంస్థ బాకీకి ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడే. నూలు బేరం బావ చేసినా, అప్పిచ్చినవాడు బావమరిది పొలం మీదికి వెళ్లొచ్చు.

దీనికి విరుగుడుగా 2008లో పరిమిత బాధ్యత భాగస్వామ్య (ఎల్ఎల్‌పీ) చట్టం వచ్చింది. 2013 కంపెనీల చట్టం ఒక్కరే కంపెనీ పెట్టుకునే వీలూ కల్పించింది. ఏటా లెక్కలు దాఖలు చేయాలి, ఆడిటరు ఖర్చు ఉంటుంది. పెద్ద ఆర్డర్లు పట్టేవారికి అది దండగ కాదు.

అయితే కంపెనీ ఉన్నా సంతకం తిన్నగా ఉండాలి. ముందు కంపెనీ పూర్తి పేరు, ‘తరఫున’ అన్న మాట, కింద సంతకం, హోదా. ప్రామిసరీ నోటుపై ఇవేవీ లేకుండా ఉత్త పేరు గీకితే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 28వ సెక్షన్ కింద సొంతంగా కట్టాల్సి రావచ్చు.

అసలు మెలిక హామీ పత్రంలో..

కంపెనీ పెట్టాం, ఇక బెంగ లేదనుకునేవారిని ముంచేది ఇదే. రుణ పత్రాల కట్టలో ‘వ్యక్తిగత హామీ’ అని వేరే కాగితం ఉంటుంది. దాని మీద సంతకం పడిందా, లిమిటెడ్ రక్షణ ఆ బాకీ మేరకు పోయినట్టే. హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతోంది. కంపెనీ దివాలా పరిష్కారం ముగిసినంత మాత్రాన హామీదారుకు విముక్తి రాదని 2021 మేలో సుప్రీంకోర్టు తేల్చింది.

అడగడానికి మొహమాటపడకూడదు. హామీ ఎంత మొత్తానికి, ఎన్నేళ్లకు అన్నది కాగితంలోనే రాయించుకోవాలి. తాకట్టు, మూడో మనిషి హామీ లేని చిన్న రుణాలకు పూచీ పడేందుకు 2000లో సీజీటీఎంఎస్‌ఈ ట్రస్టు ఏర్పాటైంది. తమ రుణానికి అది వర్తిస్తుందేమో బ్యాంకులో ముందే కనుక్కోవాలి.

నూలు కొట్లో ఖాళీ చెక్కు ఇచ్చి రావడం మరో తలనొప్పి. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కులో మిగతావి వేరొకరు నింపినా అది చెల్లుతుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు బౌన్సయితే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇవ్వక తప్పకపోతే మొత్తం, తేదీ వేసి, దేనికిచ్చారో రసీదు తీసుకోవాలి. బాకీ తీరిన రోజే ఆ చెక్కు వెనక్కి అడిగి తెచ్చుకోవాలి.