చెట్ల బెరడుపై తెల్లని మచ్చలు

వెల్దుర్తి ప్రాంతపు రైతు సోదరులకు మామిడి, చింత మున్నగు చెట్ల బెరడుపై సున్నము చిలికినట్లుండు మచ్చలు పరిచితములే. వీనిలో పెక్కులు తెగుళ్లు కావు, లైకెనులు.

లైకెను ఒక్క ప్రాణి కాదు. శిలీంధ్రమును నాచును కలసి చేయు ఉమ్మడి సేద్యమది. నాచు సూర్యరశ్మితో ఆహారము సిద్ధపరచును; శిలీంధ్రము దానికి ఆశ్రయమిచ్చును. బెరడు వీనికి నిలుచు చోటే గాని ఆహారము గాదు.

1753లో లినేయసు పండితుడు సుమారు 80 లైకెనులను ఒకే ప్రజాతిగ నాచులతో జేర్చెను. ఇవి రెండు ప్రాణుల కలయిక యని 1867లో ష్వెండెనరు చాటెను. నేడు శిలీంధ్రమునుబట్టియే లైకెనును వర్గీకరించుచున్నారు. ఉదాహరణమునకు, బెరడుపై నల్లని గీతలతో వ్రాతవలె గనుపించు గ్రాఫిస్ స్క్రిప్టా అను జాతి గ్రాఫిస్ ప్రజాతికి, గ్రాఫిడేసీ కుటుంబమునకు, ఆస్కోమైకోటా విభాగమునకు జెందినది. ఆ గీతలే దాని బీజములు పుట్టు స్థానములు.

ఆకు పలుచబడిన చెట్టుపై వెలుతురు సోకి లైకెనులు హెచ్చవచ్చును. అది చెట్టు బలహీనతకు హేతువు గాదు. కావున బెరడును చెక్కరాదు. ఆ గాయమునుండియే నిజమైన తెగులు ప్రవేశించును. మందులకై ధనమును వ్యయింపనక్కరలేదు. బంక కారుట, కొమ్మలెండుట కనబడినచో మాత్రము వ్యవసాయాధికారికి జూపవలెనని మా మనవి.